చెప్పులు బయటే విడవాలి

మా రోజుల్లో కంప్యూటర్ గదికి అసలు కాపలా చెప్పులు. నవ్వకండి. ఎనభైల చివర్లో హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో నేను ఆపరేటర్‌గా చేరినప్పుడు, గుమ్మం పక్కన ఎర్రరంగు బోర్డు మీద ‘చెప్పులు బయటే విడవాలి’ అని రాసి ఉండేది. దుమ్ము భయం. అప్పటి డిస్కులు ఇప్పట్లా సీలు వేసిన డబ్బాలు కావు. పైన పిడి పట్టుకుని యంత్రంలోంచి ఎత్తి బయటికి తీసే పళ్ళేల దొంతరలు. గిర్రున తిరిగే పళ్ళేనికీ, దాన్ని చదివే హెడ్‌కీ మధ్య సందు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అందులో ఒక రేణువు ఇరుక్కుందా, హెడ్ వెళ్ళి పళ్ళేన్ని గీరేస్తుంది. ఆ నెల జీతాల బిల్లులన్నీ గోవిందా.

ఈ దుమ్ము నియమం వల్ల ఎవరూ అనుకోని లాభం ఒకటి జరిగింది. గుమ్మం ముందు వరస చూస్తే లోపల ఎవరున్నారో ఇట్టే తెలిసిపోయేది. పట్టీ ఊడితే పిన్నీసు పెట్టిన హవాయి చెప్పులు నైట్ డ్యూటీ ఆపరేటర్‌వి. నల్ల శాండల్స్ సూపర్‌వైజర్ గారివి. తోలు బూట్లు, వాటిలో ఉండచుట్టి కుక్కిన సాక్సు కనిపిస్తే కంపెనీ ఇంజినీరు వచ్చాడని, అంటే ఏదో చెడిపోయిందని అర్థం. ఎరగని జత కనబడితే మా హవల్దారు గారు తలుపు కొంచెం తీసి, “ఎవరిదండీ ఈ కొల్హాపురి జత?” అని కేకేసేవారు. లోపల ఎవరున్నారు, ఎవరు వెళ్ళిపోయారు, ఎవరు ఇంకా బయటికి రాలేదు అనే లెక్క కోసం ఇప్పుడు లక్షలు పోసి సాఫ్ట్‌వేర్లు కొంటున్నారు. మాకు చెప్పులు చెప్పేవి.

హవల్దారు గారంటే మిలటరీలో రిటైరై మా గేటు దగ్గర చేరిన మనిషి. చదివింది తక్కువే. కానీ రిటర్నబుల్ గేట్ పాస్ ఏది, నాన్ రిటర్నబుల్ ఏది, దాని మీద సంతకం ఎవరిది ఉండాలి, ఆ సంతకంలో చివరి గీత పైకి పోతుందా కిందికి పోతుందా, అన్నీ కంఠతా. ఒకనాటి సాయంత్రం మా పై అధికారి ఒకాయన టేపుల పెట్టె చంకలో పెట్టుకుని కారెక్కబోయాడు. పాస్ లేదు. హవల్దారు గారు సెల్యూట్ కొట్టి మరీ ఆపారు. “తమరు వెళ్ళొచ్చు సార్. పెట్టె మాత్రం ఇక్కడే కూచుంటుంది.” అధికారి గొంతు పెంచాడు, నేనెవరో తెలుసా అన్నాడు. “తెలుసు సార్, అందుకే తమర్ని వెళ్ళమన్నాను” అన్నారాయన. మర్నాడు పొద్దున ఆ అధికారి పాస్ రాయించుకుని పెట్టె తీసుకెళ్ళాడు. హవల్దారు గారికి మెమో రాలేదు, బదిలీ రాలేదు. కాదనే అధికారం గేటు దగ్గర మనిషికి ఉండేదన్నమాట. నా సణుగుడంతా దీని గురించే.

అలాగని ఆ రోజుల్లో అంతా భద్రంగా ఉండేదని కోతలు కొయ్యను. ఎండాకాలంలో ఆఫీసు మొత్తంలో ఏసీ ఉన్నది మా గదికే. అకౌంట్స్ వాళ్ళ పెరుగు డబ్బాలు మా టేపుల బీరువా వెనకే ఉండేవి. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళని పూలదండల బుట్ట కూడా వచ్చి చేరింది. దసరాకి ఆయుధపూజ చేసి సీపీయూ డబ్బాకి బొట్టు పెట్టి, గుమ్మానికి నిమ్మకాయలు కట్టేవాళ్ళం. ఇక విజిటర్స్ రిజిస్టర్ సంగతి అడక్కండి. పేరు దగ్గర సినిమా హీరోల పేర్లు, పని దగ్గర ‘పర్సనల్’, ఎవరి కోసం అన్నచోట ‘సెల్ఫ్’, టైం దగ్గర పైనుంచి కిందిదాకా పైదే అని గుర్తులు. అన్నిటికన్నా ఘోరం, రాత్రిపూట బయట ఇనుప గ్రిల్‌కి తాళం వేసి తాళంచెవి హవల్దారు గారు మొలలో దోపుకునేవారు. లోపల మేము. నిప్పంటుకుంటే ఆయన నిద్ర లేచేదాకా మాకు దిక్కు లేదు. ఈ ఒక్క విషయంలో ఇప్పటివాళ్ళకి దణ్ణం పెడతాను. ఇప్పుడు తలుపులకి అయస్కాంతం తాళాలు. కరెంటు ఉన్నంతసేపే పట్టు. ఫైర్ అలారం మోగితే వాటంతటవే వదిలేస్తాయి, పక్కన ఆకుపచ్చ డబ్బా గాజు పగలగొట్టినా వదిలేస్తాయి. సామాను కన్నా ప్రాణం ముందు అనే తెలివి మాకు లేకపోయింది.

సరే, ఇప్పటి సంగతి. మొన్న వానాకాలంలో, పాత పరిచయం కొద్దీ ఒక చిన్న కంపెనీవాళ్ళు పిలిస్తే, నగరం పడమటి వైపు ఒక డేటా సెంటర్‌కి వెళ్ళాను. వాళ్ళ సర్వర్లు రెండు అందులో అద్దెకుంటున్నాయి. ఒక డిస్కు మార్చాలి. పది నిమిషాల పని.

ఒకరోజు ముందే టికెట్ పెట్టారు, అంటే సిస్టమ్‌లో అర్జీ. ఆధార్ కాపీ, లాప్‌టాప్ సీరియల్ నంబరు, వచ్చే టైం, పోయే టైం అన్నీ ఇచ్చాం. గేటు దగ్గర కారు కింద అద్దం పెట్టి చూశారు. బాగుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడు ఆధార్ చూశాడు, స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు. “పేరు మ్యాచ్ అవట్లేదు సార్.” సంగతేమిటంటే ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంది. టికెట్‌లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళున్నాయి కాబట్టి ఇంటిపేరు వెనక్కి పోయింది. “బాబూ, తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందే ఉంటుంది కదా, నీకూ అంతేగా?” అన్నాను. “నాకు తెలుసు సార్. సిస్టమ్‌కి తెలీదు” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఎంత మొహమాటమో. నేను నేనేనని ఆ కుర్రాడు పూర్తిగా నమ్మాడు. కానీ అతను నమ్మితే తెరుచుకునే తలుపు ఆ భవనంలో ఒక్కటీ లేదు. ఎక్కడో ఎవరో టికెట్ దిద్దేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం.

తర్వాత వేలిముద్ర. నా బొటనవేలు ఒకటికి నాలుగుసార్లు పెట్టినా ఆ యంత్రం ఎర్ర దీపమే వెలిగించింది. వయసు మీదపడ్డవాళ్ళ గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపుల్లో ఈ-పాస్ మిషన్ ముందు పల్లెటూరి ముసలమ్మలు వేలు కొంగుకి తుడుచుకుంటూ, తడుపుకుంటూ నిలబడ్డం మనం చూడలేదా? బియ్యం దగ్గర ఏడిపించింది చాలక సర్వర్ల దగ్గరికీ వచ్చింది. అసలు వేలిముద్ర అంత నమ్మకమైనదా అంటే, 2008లో జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం ఆ దేశపు హోం మంత్రి వేలిముద్రనే తమ పత్రికలో అచ్చేసి పంచిపెట్టింది. 2014లో అదే క్లబ్‌కి చెందిన ఒకాయన అక్కడి రక్షణ మంత్రి బొటనవేలి ముద్రని మామూలు కెమెరా ఫొటోల నుంచి తయారుచేసి చూపించాడు. కార్డు పోతే కొత్త కార్డిస్తారు. మంత్రిగారికి కొత్త వేలు ఎవరిస్తారు?

ఎలాగో ఆ గండం గడిచి లోపలికి పోతూంటే ఒక గాజు గొట్టంలాంటి గది. ముందు తలుపు మూసుకుంటే గాని వెనక తలుపు తెరుచుకోదు. అది దాటాం. నన్ను పిలిచిన కంపెనీ తరఫున నాతో వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. సర్వర్ హాలు తలుపు దగ్గర తన కార్డు గీసి, తలుపు పట్టుకుని “రండి సార్” అన్నాడు. పెద్దవాణ్ణి, చేతిలో పెట్టె ఉంది, నేనూ వెళ్ళాను. మన ఇళ్ళల్లో పిల్లలకి నేర్పేది అదే కదా. వెనక పెద్దాయన వస్తూంటే తలుపు మొహం మీద వేసేస్తామా? పని ముగించుకుని బయటికి రాబోతే నా కార్డుకి తలుపు తెరుచుకోదు. ఎందుకయ్యా అంటే, లెక్కల ప్రకారం నేను లోపలికి రానే లేదట! రానివాడు బయటికి ఎలా పోతాడని యంత్రం వాదన. దీన్ని యాంటీ పాస్‌బ్యాక్ అంటారు. ఒకే కార్డుతో ఇద్దరు దూరకుండా పెట్టిన ఏర్పాటు. మంచిదే, కాదనను. కానీ నేను కళ్ళెదురుగా నిలబడి ఉన్నాను, గాజుకి అవతల గార్డు నన్ను చూస్తున్నాడు, చెయ్యి కూడా ఊపాడు. తలుపు దృష్టిలో మాత్రం నేను లేను.

అంతకుముందు, లోపల జరిగిన కథ ఒకటి చెప్పాలి. తీరా ర్యాక్ దగ్గరికి వెళ్తే దాని తాళంచెవి ఆఫీసులో మరిచిపోయారు మావాళ్ళు. నా జేబులో, పదేళ్ళ కిందట ఇంకెక్కడో పనిచేసినప్పటి గుత్తి ఉంది. అందులో ఒకటి పెట్టి తిప్పాను. తెరుచుకుంది. చాలా కంపెనీల ర్యాకులకి ఫ్యాక్టరీ నుంచే ఒకే రకం తాళం వస్తుంది, ఎవరూ మార్పించరు. ఆరు తలుపులు, రెండు కార్డులు, ఒక వేలు, ఒక ఓటీపీ దాటాక చివర్లో ఉన్నది బీరువా తాళం కన్నా కనాకష్టం. పక్క ర్యాక్ కూడా అదే కంపెనీది. నేను పెద్దమనిషిని కాబట్టి ప్రయత్నించలేదు.

కార్డుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మెళ్ళో తాడు కట్టుకుని ఆ ముక్క వేలాడేసుకుంటే చాలు, అదేదో రాజముద్రిక అయినట్టు తిరుగుతారు జనం. చాలాచోట్ల ఇప్పటికీ వాడుతున్నవి 125 కిలోహెర్ట్జ్ కార్డులు. రీడర్ దగ్గరికి తీసుకెళ్ళగానే కార్డు తన నంబరు తనే చెప్పేస్తుంది, ఎవరడిగారు, ఎందుకడిగారు అని చూడదు. బాగా చలామణిలో ఉన్న పద్ధతిలో ఆ నంబరు మొత్తం 26 బిట్లు. అందులో 8 బిట్లు ఆ ఆఫీసు సంకేతం, 16 బిట్లు కార్డు నంబరు, మిగిలిన రెండూ తప్పులు పట్టేవి. అంటే ఒక ఆఫీసుకి 65,536 కార్డు నంబర్లే. రీడర్ నుంచి కంట్రోలర్‌కి పోయే తీగలో కూడా ఆ నంబరు ముసుగు లేకుండానే పోతుంది. వీగండ్ అంటారు ఆ పద్ధతిని. మేము ఉద్యోగాల్లో చేరిన కాలం నాటిది, మేము రిటైరైపోయాం, అది కాలేదు. కాస్త మెరుగని వచ్చిన మైఫేర్ క్లాసిక్ కార్డుల గుట్టు 2008 నాటికి రట్టయింది. నెదర్లాండ్స్‌లో నైమెగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్ని ఎలా కాపీ చెయ్యొచ్చో పరిశోధనా పత్రం రాస్తే, చిప్ తయారుచేసిన కంపెనీ కోర్టుకి వెళ్ళింది. కోర్టు ప్రచురించుకోమంది. ఆ తర్వాత కూడా ఆ కార్డులు మెళ్ళల్లో వేలాడుతూనే ఉన్నాయి. హవల్దారు గారి మొహం కాపీ చేసినవాడు లేడు.

ఇంతకీ దొంగ ముందు గుమ్మంలోంచి వస్తాడని ఎవరు చెప్పారు? 2007 అక్టోబరులో చికాగోలో ఒక హోస్టింగ్ కంపెనీలోకి ముసుగులేసుకున్నవాళ్ళు చొరబడ్డారు. కార్డు గీయలేదు, వేలు పెట్టలేదు. కరెంటు రంపంతో గోడ కోసేసి లోపలికొచ్చారు. రాత్రి మేనేజర్‌ని కొట్టి, షాకిచ్చి పడేసి, సర్వర్లు పట్టుకుపోయారు. రెండేళ్ళలో అక్కడ అలాంటిది జరగడం అది నాలుగోసారట! అప్పట్నించీ నేను ఏ డేటా సెంటర్‌కి వెళ్ళినా తలుపు కన్నా ముందు గోడ చూస్తాను. గోడ పై కప్పుదాకా పోయిందా, లేక ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయిందా? కింద ఫాల్స్ ఫ్లోరింగ్ పలకలెత్తితే పక్క గదిలోకి దారుందా? ఈ ప్రశ్నలడిగితే మార్కెటింగ్ వాళ్ళు ‘టైర్ ఫోర్ సార్ మాది’ అంటారు. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఆ టైర్లు కరెంటూ చల్లదనమూ ఆగకుండా ఉండే ఏర్పాట్ల గురించి. నాలుగో టైరంటే నాలుగు తాళాలని అర్థం కాదు. కొనేవాడికి తెలీదు, అమ్మేవాడు చెప్పడు.

నేను వెళ్ళిన ఆ రోజే వెనకవైపు సామాన్లు దించే తలుపు చూశాను. ఏసీ మెకానిక్కులు ముగ్గురు నిచ్చెన, గ్యాసు సిలిండరు పట్టుకుని వస్తూ పోతూ ఉన్నారు. మాటిమాటికీ కార్డు గీయలేక తలుపుకి అగ్నిమాపక సిలిండరు అడ్డం పెట్టారు. నన్ను గంటసేపు కూచోబెట్టిన ఆ భవనం, నిచ్చెన భుజాన వేసుకున్నవాణ్ణి ఏమీ అడగలేదు. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే కూత కూయాలి. కూసింది కూడా. రోజూ కూస్తుంది కాబట్టి ఎవరూ వినలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ ఫేస్‌బుక్‌ది. 2021 అక్టోబరు 4న మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశంతో వాళ్ళ డేటా సెంటర్లని కలిపే నెట్‌వర్క్ అంతా తెగిపోయింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ దాదాపు ఆరు గంటలు మూత. మన ఇళ్ళల్లో ఆ రాత్రి గుడ్ నైట్ మెసేజీలు లేక ఎంత ప్రశాంతంగా ఉందో గుర్తుందా? దూరం నుంచి బాగుచేసే దారి కూడా ఆ నెట్‌వర్క్‌తోపాటే పోయింది కాబట్టి ఇంజినీర్లని డేటా సెంటర్‌కే పంపారు. అక్కడ చిక్కొచ్చింది. ఎవరూ సులువుగా దూరకుండా, దూరినా యంత్రాల మీద సులువుగా చెయ్యి వెయ్యకుండా కట్టుకున్న కట్టుదిట్టాలు దాటడానికే అదనపు సమయం పట్టిందని తర్వాత ఆ కంపెనీయే రాసుకుంది. ఉద్యోగుల బ్యాడ్జీలకి ఆఫీసు తలుపులు తెరుచుకోలేదని పత్రికలు రాశాయి. ఇంటివాడే ఇంటి బయట. మా గేటు దగ్గరైతే ఏమయ్యేది? ఏ అర్ధరాత్రో ఇంజినీరు స్కూటర్ ఆపగానే హవల్దారు గారు మొలలోంచి తాళంచెవి తీసి, “మళ్ళీ పోయిందా సార్?” అనేవారు.

‘అన్నిటికీ లాగ్ ఉంటుంది సార్’ అంటారు ఇప్పటి కుర్రాళ్ళు. ఉంటుంది. ఎవరు ఏ తలుపు ఏ సెకన్లో తీశారో లక్షల వరసలు. చదివేదెవరు? ఆడిట్ అప్పుడు ప్రింటు తీసి ఫైల్లో పెడతారు. బ్యాంకు కార్డుల డేటా ఉండేచోట కెమెరా రికార్డింగులు కనీసం మూడు నెలలు దాచాలని అంతర్జాతీయ నియమం. చాలామంది ఆ మూడు నెలలతోనే సరిపెడతారు, డిస్కులు ఖర్చు కదా. మన సామెతలో దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరుగుతాయి. అప్పటికి రికార్డు చెరిగిపోయి మూడు నెలలై ఉంటుంది. ఇక ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఉండనే ఉంది. వాడి కార్డు అసలుదే, వేలు అసలుదే, టికెట్ కూడా పద్ధతి ప్రకారం పెట్టిందే. వాడి మొహం వాడిపోయి ఉందనీ, నెల రోజులుగా చెప్పులు విడిచే తీరు మారిందనీ, పండగ అడ్వాన్సు మూడుసార్లు అడిగాడనీ తెలిసేది గేటు దగ్గర మనిషికి.

ఆ మనిషినే కదా తీసేశారు. తీసేశారంటే, అక్కడ ఒకతను నిలబడే ఉన్నాడు. నన్ను ఆపిన ఆ కుర్రాడిది శ్రీకాకుళం వైపు. ఏజెన్సీ ద్వారా వచ్చాడు. పన్నెండు గంటల డ్యూటీ, కొన్నాళ్ళకి ఇంకో సైటుకి మారుస్తారు. మారుస్తారు కాబట్టి ఎవరి మొహమూ గుర్తుపట్టేలోగా వెళ్ళిపోతాడు. అదే భద్రత అంటున్నారు, పరిచయాలు పెరగకూడదట. డేటా సెంటర్లకి మాత్రం డబ్బుకి కొదవ లేదు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన రీజియన్, అంటే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. విశాఖలో గూగుల్ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది. నేల ఎంత, నీళ్ళెన్ని, కరెంటెంత అని పత్రికల నిండా లెక్కలు. గేటు దగ్గర నిలబడేవాడికి కుర్చీ వేస్తారా అని ఒక్కరూ అడగలేదు.

పని ముగించుకుని వస్తూ ఆ కుర్రాడి దగ్గర ఆగాను. విజిటర్ కార్డు తీసుకుంటూ, కాస్త అటూ ఇటూ చూసి అడిగాడు. “సార్, లోపలేటుంటాది?” నాకు ముందు అర్థం కాలేదు. “నువ్వు ఎప్పుడూ చూళ్ళేదా?” అన్నాను. “ఈ గేటు దాటి లోపలికెళ్ళలేదండి. మాకు లేదంట.” తను దేనికి కాపలా కాస్తున్నాడో తెలియకుండానే పగలూ రాత్రీ కాస్తున్నాడు. మా హవల్దారు గారు ఏ టేపు మీద ఏముందో లేబుల్ చూసి చెప్పేవారు.

ఊరుకోలేక మర్నాడు అక్కడి మేనేజర్‌కి ఫోన్ చేశాను. మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. ఆ అబ్బాయిని ఒక్కసారి లోపలంతా తిప్పి చూపించండి, ఏది ఖరీదైందో, ఏ తలుపు ఎందుకు మూసి ఉండాలో తెలిస్తే వెనకగుమ్మంలో సిలిండరు అడ్డం పెట్టనిస్తాడా అన్నాను. మంచి ఆలోచనే సార్, టికెట్ రైజ్ చెయ్యాలి అన్నాడు. చెయ్యండి మరి అన్నాను. కేటగిరీ ఏం పెట్టాలో తెలీడం లేదన్నాడు. విజిటర్ అంటే కస్టమర్ కంపెనీ పేరు కావాలి, వెండర్ అంటే పర్చేజ్ ఆర్డర్ నంబరు కావాలి. “స్టాఫ్ అని పెట్టండి, అతను మీ సెక్యూరిటీయే కదా?” అన్నాను.

“అదే ఇబ్బంది సార్. సెక్యూరిటీవాళ్ళకి లోపలికి అనుమతి లేదు.”